హ్యూస్టన్ ఉక్కపోత మన శ్రీకాకుళం ఉక్కపోత లాంటిదేనా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. మా అమ్మాయి అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం హ్యారిస్ కౌంటీలో, అంటే హ్యూస్టన్ నగరం ఉన్న కౌంటీలో, నాలుగేళ్ళుగా ఉంటోంది. ఆగస్టులో పురుడు. జూన్ మొదటి వారంలో నేనూ మా ఆవిడా బయలుదేరి నవంబరు చివరి దాకా అక్కడే ఉండేటట్టు టిక్కెట్లు తీసుకున్నాము. "మీకు శ్రీకాకుళంలో అలవాటే కదా నాన్నా, ఇక్కడా అదే ఉక్క" అని అమ్మాయి అంటోంది. అల్లుడు మాత్రం ఇద్దరికీ చెరో రెండు స్వెట్టర్లు తెచ్చుకోమని గట్టిగా చెబుతున్నాడు. ఈ రెండు మాటలకూ పొత్తు కుదరక ఇక్కడ అడుగుతున్నాను.

కిందటి మే నెలలో ఒక రాత్రి మా వీధిలో కరెంటు పోయి తెల్లవారే దాకా రాలేదు. మేడ మీద మడతమంచం వేసుకుంటే ఆకు కదలలేదు. మెడ కింద వేసుకున్న తువ్వాలు రెండుసార్లు పిండి ఆరేశాను, తెల్లవారినా అది ఆరలేదు. అలాంటి రాత్రులు అక్కడ కూడా ఉంటాయా? ఫోనులో చూస్తే హ్యూస్టనులో వేకువన తేమ 92 శాతం అని వస్తోంది, అదే సమయానికి మన కళింగపట్నానికి 80 అని వస్తోంది. అంటే మనకన్నా ఘోరమనే కదా అర్థం? పైగా దాన్ని ఆర్ద్ర ఉప ఉష్ణమండలం అంటారట, మనది ఉష్ణమండలమట. పేరులో "ఉప" చేరినందుకు వేడి కొంతైనా తగ్గాలి కదా అని నా అనుమానం. తెలిసినవారు చెప్పగలరు.

కోట దగ్గర ఇల్లు (విజయనగరం):

అన్నయ్య గారూ, ముందుగా మీ అమ్మాయికి సుఖ ప్రసవం కావాలని కోరుకుంటున్నాను. మా అబ్బాయి కూడా ఆ కౌంటీలోనే ఉంటాడు. ఒకసారి వేసవిలోనూ, ఒకసారి చలికాలంలోనూ నేను అక్కడికి వెళ్ళి వచ్చాను. మీ అమ్మాయి చెప్పినదీ నిజమే, మీ అల్లుడు గారు చెప్పినదీ నిజమే. బయట ఉక్క మనదే, ఇంట్లో చలి వారిది. ఇల్లంతటికీ కలిపి ఒకే ఏసీ ఉంటుంది, రాత్రీ పగలూ అది ఆగదు. జులైలో ఇంట్లో నుంచి పెరట్లోకి అడుగుపెట్టిన మరుక్షణం నా కళ్ళద్దాలు మసకబారిపోయేవి. కొంగుతో తుడుచుకుంటే మళ్ళీ మసకబారేవి. ఒక నిమిషం ఆగితే గాని ఎదురుగా ఉన్న మొక్క ఏదో తెలిసేది కాదు. మన దగ్గర ఇది ఎప్పుడూ చూడలేదు, ఎందుకంటే మన ఇంట్లోనూ బయటా ఒకటే ఉక్క. అంచేత ఆ స్వెట్టర్లలో ఒకటి జూన్ నెలలోనే, ఇంట్లోనే, మీకు పనికి వస్తుంది.

సాయంత్రం నడక అలవాటు ఉంటే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. మనకు జూన్‌లో ఆరున్నరకు పొద్దు గుంకుతుంది. అక్కడ గడియారాలను వేసవిలో ఒక గంట ముందుకు జరుపుతారు కనుక ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. ఆరు గంటలు అయింది కదా అని బయలుదేరితే అది మన నాలుగు గంటల ఎండ. నేను వెళ్ళిన మొదటి వారంలో అలాగే వెళ్ళి, రెండు వీధులు తిరిగేసరికి తల తిరిగి ఒకరి ఇంటి ముందు చెట్టు కింద కూర్చుండిపోయాను. ఆ తరువాత వేకువ ఆరున్నరకే నడక ముగించుకునేదాన్ని.

పాత భూగోళం మేస్టారు (బొబ్బిలి):

నాగావళి గట్టు గారి ప్రశ్నలో మూడు చిక్కులు ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువ మందిని తప్పుదారి పట్టించేది ఫోనులో కనిపించే తేమ శాతం కనుక ముందు దాన్ని విప్పుతాను.

ఆ శాతం గాలిలో ఎంత నీటి ఆవిరి ఉన్నదో చెప్పదు. అప్పటి వేడిమి దగ్గర ఆ గాలి మోయగలిగినదానిలో ఎంత భాగం మోస్తున్నదో మాత్రమే చెబుతుంది. వేడి గాలి ఎక్కువ ఆవిరి మోస్తుంది, చల్లబడిన గాలి తక్కువ మోస్తుంది. అందుకే వేకువన ఎక్కడైనా శాతం పెరుగుతుంది, మధ్యాహ్నం తగ్గుతుంది. ఆవిరి మాత్రం దాదాపు అంతే ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర 92 శాతం తేమ ఉన్న గాలి కన్నా 29 డిగ్రీల దగ్గర 80 శాతం ఉన్న గాలిలోనే ఆవిరి ఎక్కువ. కనుక మీ ఫోను 92 అని చూపినా, ఆ వేకువన ఎక్కువ చెమట పట్టేది కళింగపట్నంలోనే. రెండు ఊళ్ళను పోల్చాలంటే తుషార బిందువును చూడాలి, అంటే ఎన్ని డిగ్రీలకు చల్లబడితే ఆ గాలిలోని ఆవిరి నీరై కారుతుందో ఆ అంకెను. అది 24 దాటితే ఎవరికైనా ఉక్కగానే ఉంటుంది. నడి వేసవిలో హ్యూస్టన్ ఆ గీతకు అటూ ఇటూ తిరుగుతుంది, మే నెలలో మన తీరం 26 చుట్టూ తిరుగుతుంది. అంటే ఈ ఒక్క లెక్కలో మనమే ఒక మెట్టు పైన ఉన్నాము, అదేమీ గర్వించదగిన మెట్టు కాదనుకోండి.

ఉక్క ఎందుకు బాధిస్తుందో తరగతిలో నేను మంచినీళ్ళ కుండతో చెప్పేవాడిని. కుండ గోడ చెమర్చి, ఆ చెమ్మ ఆవిరైపోతూ లోపలి వేడిని తీసుకుపోతుంది కనుక నీళ్ళు చల్లబడతాయి. రెంటచింతలలో 44 డిగ్రీల ఎండ కాస్తూ గాలిలో తేమ 15 శాతమే ఉంటే, నీడన పెట్టిన కుండ నీరు 23 దాకా చల్లబడగలదు. కళింగపట్నంలో 35 డిగ్రీలే ఉండి తేమ 65 శాతం ఉంటే, ఆ కుండ ఎంత తంటాలు పడినా 29 దగ్గరే ఆగిపోతుంది. మన ఒళ్ళు కూడా చెమర్చే కుండే. అందుకే భారత వాతావరణ శాఖ మైదాన ప్రాంతాల్లో వడగాడ్పు అనడానికి కనీసం 40 డిగ్రీలు ఉండాలని, తీరంలో మాత్రం మామూలుకన్నా నాలుగున్నర డిగ్రీలు పెరిగి 37 తాకితే చాలని నియమం పెట్టుకుంది. అమెరికా వాతావరణ శాఖ పట్టికలో చూసినా 35 డిగ్రీల వేడి 60 శాతం తేమతో కలిస్తే ఒంటికి 45 డిగ్రీలుగా తోస్తుందని ఉంటుంది. ఆ 35 హ్యూస్టనులో జులై, ఆగస్టు నెలల మామూలు పగటి వేడిమి. రాత్రి 24, 25 కన్నా దిగదు. మీ మడతమంచం రాత్రులు అక్కడ కూడా ఉంటాయన్నమాట.

రెండవది, ఈ పోలిక ఎందుకు వచ్చిందన్నది. మనకు ఒక పక్క బంగాళాఖాతం ఉన్నట్టే వారికి మెక్సికో సింధుశాఖ ఉంది, నగరం నడిబొడ్డు నుంచి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో. మేలో మన సముద్రం, ఆగస్టులో వారి సముద్రం 29, 30 డిగ్రీల దాకా కాగుతాయి. కాగిన నీటి మీదుగా వచ్చే గాలి రెండు చోట్లా ఒకే పని చేస్తుంది. ఇక్కడ నెలల తేడాను గమనించండి. మన అక్షాంశం 18 డిగ్రీల పైచిలుకు కనుక సూర్యుడు మే నడిమిలో ఒకసారి, జులై చివర ఒకసారి మన నడినెత్తికి వస్తాడు. మొదటిసారి వచ్చినప్పుడు ఆకాశంలో మబ్బు ఉండదు కనుక రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి. రెండవసారి వచ్చేనాటికి నైరుతి రుతుపవనం గొడుగు పట్టి ఉంటుంది కనుక మనకు ఆయన వచ్చిన సంగతే తెలియదు. హ్యూస్టన్ దాదాపు 30 డిగ్రీల దగ్గర, కర్కట రేఖకు పైన ఉంది. అక్కడ సూర్యుడు నడినెత్తికి ఎన్నడూ రాడు, అయినా జూన్‌లో చాలా దగ్గరకు వస్తాడు, పగలు 14 గంటలు ఉంటుంది, ఆపైన గొడుగు పట్టే రుతుపవనం లేదు. వేడి పోగుపడుతూ పోయి జులై, ఆగస్టుల్లో శిఖరానికి చేరుతుంది. మీరు ఇక్కడి రోహిణి కార్తె పూర్తిగా అనుభవించి, మృగశిరలో తొలకరి పడే వేళకు విమానం ఎక్కి, అక్కడి రోహిణి కార్తెలో దిగబోతున్నారు. ఒకే ఏడాదిలో రెండు వేసవులు!

మూడవది ఆ "ఉప" సంగతి. అది వేసవిని చూసి పెట్టిన పేరు కాదు. కొప్పెన్ అనే శాస్త్రవేత్త చేసిన విభజనలో అతి చల్లని నెల సగటు కూడా 18 డిగ్రీలు ఉంటేనే ఉష్ణమండలం. మనకు జనవరిలో వేకువన 17, 18కి దిగినా పగలు 28 ఉంటుంది కనుక సగటు 18 కన్నా చాలా పైనే. హ్యూస్టన్ జనవరి సగటు 12 డిగ్రీలే. ఉప అన్న ముక్క చలికాలం వల్ల వచ్చింది, వేసవిలో దానివల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. ఆ చలి కూడా మన చలిలా మెల్లగా రాదు. మనకు ఉత్తరాన హిమాలయాలు గోడలా నిలబడి మధ్య ఆసియా చలిగాలిని ఆపుతున్నాయి. ఉత్తర అమెరికాలో పెద్ద పర్వతాలన్నీ ఉత్తర దక్షిణాలుగా సాగినవే. ధ్రువం వైపు నుంచి సింధుశాఖ దాకా అడ్డంగా ఒక్క గోడ కూడా లేదు. మధ్యాహ్నం 25 డిగ్రీలు ఉన్న చోట ఉత్తరపు గాలి తిరిగితే రాత్రికి 5కు పడిపోవడం అక్కడ వింత కాదు. ఆ గాలిని వారు నార్తర్ అంటారు. 2021 ఫిబ్రవరిలో ఆ నగరం సున్నాకు దిగువన 10 డిగ్రీల దాకా పోయింది, ఇళ్ళలో నీటి గొట్టాలు పగిలిపోయాయి. మీరు నవంబరు చివరి దాకా ఉంటున్నారు కనుక ఆ గాలి మొదటి విడతలు తప్పకుండా చూస్తారు. రెండవ స్వెట్టరు అందుకు.

రాజాం రోడ్డు (రాజాం):

మేస్టారు చెప్పింది చదవడానికి చాలా బాగుంది గాని, ఆచరణలో అక్కడ వాతావరణంతో మనిషికి పనే ఉండదని నా అభిప్రాయం. నేను ఉద్యోగరీత్యా మూడేళ్ళు అక్కడ ఉన్నాను. ఏసీ ఇల్లు, ఏసీ కారు, ఏసీ ఆఫీసు, ఏసీ కొట్టు. బయట గడిపేది రోజుకు పదిహేను నిమిషాలు కూడా ఉండదు. ఉక్కకూ దోమలకూ జడిసి బేస్‌బాల్ ఆటకు సైతం పైకప్పు వేసి, లోపల ఏసీ పెట్టి, 1965లోనే ఆస్ట్రోడోమ్ అనే స్టేడియం కట్టుకున్న ఊరు అది. పెద్దవారు అనవసరంగా బెంగపెట్టుకోనక్కరలేదు.

కోట దగ్గర ఇల్లు (విజయనగరం):

బాబూ, మీరు చెప్పినదంతా కరెంటు ఉన్నంతవరకే. 2024 జులై 8న బెరిల్ తుపాను వచ్చినప్పుడు ఆ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, చాలా ఇళ్ళకు రోజుల తరబడి రాలేదు. మా అబ్బాయి ఇంటికి ఆరో రోజున వచ్చింది. చెక్క చట్రాల మీద కట్టిన ఇళ్ళు అవి. కిటికీలు చిన్నవి, పెంకుటింటికి ఉన్నట్టు గాలి ఆడే ఎత్తు ఉండదు. గాలి ఆగిన మర్నాటి నుంచే ఎండ కాసింది. ఇంట్లో పడుకోలేక పిల్లను తీసుకుని కారులో ఏసీ వేసుకుని పడుకున్నామని వాడు ఫోనులో చెప్పాడు. మన ఇళ్ళు ఉక్కను తట్టుకోవడానికి కట్టినవి, వారి ఇళ్ళు ఏసీని నమ్ముకుని కట్టినవి. అన్నయ్య గారూ, తాటాకు విసనకర్రలు రెండు పెట్టెలో పెట్టుకోండి, నవ్వేవాళ్ళు నవ్వుతారు.

కొబ్బరితోట (ఉద్దానం):

నేను అమెరికా వెళ్ళలేదు, అయితే మా తమ్ముడి కుమారుడు ఆ కౌంటీలో ఉండడం వల్ల తుపానుల విషయంలో మేము ఇద్దరమూ తరచూ కబుర్లు కలబోసుకుంటాము. వారు హరికేన్ అన్నా మనం తుపాను అన్నా పదార్థం ఒకటే. కాలమూ, దెబ్బ తగిలే తీరూ వేరు. మనకు మే నెలలో ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒకసారి భయం. నడుమ రుతుపవన కాలంలో సముద్రంలో అల్పపీడనాలు ఎన్ని పుట్టినా పెద్ద తుపాను కావడం అరుదు, ఎందుకంటే కింది గాలి ఒకవైపు, పై గాలి ఒకవైపు వీచి దాన్ని నిలబడనివ్వవు. వారికి ఆ విరామం లేదు. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా ఒకటే కాలం, అందులో ఆగస్టు, సెప్టెంబరు నెలలు గట్టివి. మీరు ఎంచుకున్న ఆరు నెలలూ సరిగ్గా అవే.

దెబ్బ సంగతి చెబుతాను. 2018 అక్టోబరు 11 వేకువన తిత్లీ మా మీద నుంచి పోయినప్పుడు నా తోటలో నిలబడిన కొబ్బరి చెట్లను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. పడిన చెట్లన్నీ ఒకే దిక్కుకు, దువ్వెనతో దువ్వినట్టు పడి ఉన్నాయి. జీడిమామిడి కొమ్మలు ఏ చెట్టువో తెలియకుండా కలిసిపోయాయి. మా నష్టం గాలి నష్టం. హ్యూస్టనుది ఎక్కువగా నీటి నష్టం. 2017 ఆగస్టులో హార్వే తుపాను తీరం దాటి కదలకుండా కూర్చున్నప్పుడు, హ్యారిస్ కౌంటీ మొత్తం మీద సగటున నాలుగు రోజుల్లో 800 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసింది. మన జిల్లాకు ఏడాది పొడుగునా పడేది సుమారు 1,100. 2022లో విడదీసిన తరువాత మిగిలిన మన జిల్లా, ఆ కౌంటీ విస్తీర్ణంలో దాదాపు సమానం, రెండూ ఇంచుమించు 4,600 చదరపు కిలోమీటర్లే. కనుక మీరు ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా అంత వాన నాలుగు రోజుల్లో పడినట్టు ఊహించుకోవచ్చు. జనం మాత్రం అక్కడ 2020 లెక్కలకే 47 లక్షలు.

నేల కూడా సహకరించదు. బల్లపరుపు నేల, నీరు ఇంకని బంకమట్టి, దాని మీద సిమెంటు. నాగావళికో వంశధారకో వరద వస్తే అది ఒడిశా కొండల్లో పడిన వాన. తోటపల్లి దగ్గర, గొట్టా దగ్గర నీరు పెరిగిందని తెలిశాక మనకు పశువులను విప్పుకునే వ్యవధి ఉంటుంది. అక్కడ తమ వీధిలో పడిన వానే తమ ఇంట్లోకి వస్తుంది. 1929, 1935 వరదల తరువాత నగరానికి పడమట ఆడిక్స్, బార్కర్ అని రెండు పెద్ద కట్టలు కట్టారు. అవి మన చెరువుల్లా నీరు నిలిపేవి కావు, మామూలు రోజుల్లో ఎండిపోయి ఉండి వరద వచ్చినప్పుడు పట్టుకునేవి. హార్వేలో అవి నిండి, కట్ట లోపలి వైపు కట్టుకున్న ఇళ్ళూ మునిగాయి, నీరు వదిలినప్పుడు దిగువ ఇళ్ళూ మునిగాయి. ఎండిన చెరువు గర్భంలో ఇల్లు కట్టుకోవడం మనకొక్కరికే వచ్చిన విద్య అనుకునేవాణ్ణి. మీ అమ్మాయి ఇల్లు ఏ బేయూ పక్కన ఉందో ఒకసారి కనుక్కోండి. బేయూ అంటే అక్కడి గెడ్డ (వాగు) లాంటిది.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

అందరికీ కృతజ్ఞతలు. అమ్మాయిని అడిగాను. ఇల్లు బేయూకు దూరంగా, మెరక మీద ఉందట, హార్వేలో ఆ వీధిలోకి నీరు రాలేదట. ఫోనులో తేమ శాతం చూడడం మానేసి తుషార బిందువు చూస్తున్నాను. నిన్న మధ్యాహ్నం ఇక్కడ 27 ఉంది, అక్కడ 19. మేస్టారికి నమస్కారం. ఇంకా రెండు చిన్న సందేహాలు మిగిలాయి. అక్కడ వాన మనలాగే జూన్ నుంచి అక్టోబరు దాకా పడుతుందా? రెండవది మా ఆవిడది: ఈ మే నెలలో పనుల వల్ల గుమ్మడి వడియాలు పెట్టడం కుదరలేదు, అక్కడికి వెళ్ళి పెట్టుకుంటే ఎండుతాయా?

పాత భూగోళం మేస్టారు (బొబ్బిలి):

వాన అక్కడ అన్ని నెలలకూ పంచినట్టు పడుతుంది. ఏడాదికి సుమారు 1,300 మిల్లీమీటర్లు, అందరికన్నా తక్కువ వాటా ఉన్న ఫిబ్రవరికి కూడా 75 దాకా ఉంటుంది. జనవరి, ఫిబ్రవరి కలిపినా మన దగ్గర ఆకు తడవడమే గొప్ప. మామూలుగా జూన్‌లో ఎక్కువ. మధ్యాహ్నం సముద్రపు గాలి లోపలికి తోసుకువచ్చినప్పుడు ఉరుములతో గంటసేపు దంచి వెళ్ళిపోయే వాన. మన వేసవి సాయంత్రపు ఈదురువాన లాంటిదే గాని, వెలిసిన తరువాత చల్లబడుతుందని ఆశపడకండి. తడిసిన రోడ్డు మీద ఎండ తగిలి ఆవిరి లేస్తుంది, ఉక్క పెరుగుతుంది. జులై చివర, ఆగస్టులో పై గాలి అధికపీడనం కూర్చుంటే వారాల తరబడి చుక్క పడకపోవచ్చు.

కోట దగ్గర ఇల్లు (విజయనగరం):

వదిన గారికి నా మాటగా చెప్పండి. వడియాలు అక్కడ పెట్టవద్దు. నేను పెట్టాను. పైన ఎండ చురుక్కుమంటున్నా అడుగు ఆరదు. రెండో రోజు సాయంత్రానికి తిరగేస్తే తెల్లగా బూజు కనిపించింది, మిగిలినవాటిని ఉడతలు ఎత్తుకుపోయాయి. చివరకు ఓవెనులో తక్కువ మంట మీద పెట్టి ఆరబెట్టుకున్నాను గాని ఆ రుచి రాలేదు. బయలుదేరడానికి మీకు ఇంకా పది రోజులు ఉంది. పడమటి గాలి తిరిగిన రోజున మన మేడ మీద రెండు రోజుల్లో గలగలలాడతాయి. బెండ, దొండ మాత్రం వారి పెరట్లో వేసవి అంతా విరగకాస్తాయి, వాటికి బెంగలేదు. కరివేపాకు మొక్క నేలలో కాకుండా కుండీలోనే పెంచమనండి. మీరు వచ్చేశాక గడ్డకట్టే రాత్రి ఒకటి వస్తే దాన్ని లోపలికి తెచ్చుకోవాలి. మా కోడలిది 2021లో బయటే ఉండిపోయి మోడయింది, ఆ వేసవిలో మళ్ళీ కొన్నది.